అమ్మ రాసిచ్చిన చీటీ

అలిపిరి మెట్ల కాడ మునెమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. చూసినా గుర్తుండదు లెండి. నడక దోవన కొండెక్కేవాళ్ళు బరువులు దించుకునేదానికి అక్కడొక రేకుల షెడ్డు ఉండేది. దేవరాజులు అనే కాంట్రాక్టరుది. షెడ్డులో పొడుగాటి చెక్కబల్ల, దాని వెనకాల ముప్పై అయిదేళ్ళ మనిషి. మీ సంచి తీసుకుంటుంది, ఇత్తడి బిళ్ళ చేతిలో పెడుతుంది. మనం బిళ్ళ చూసుకుంటాం, బిళ్ళ మీద నంబరు చూసుకుంటాం. బిళ్ళ ఇచ్చిన మనిషి ముఖం ఎవరు చూస్తారు? రెండువేల ఏడో సంవత్సరం మాట ఇది.

ఒకే నంబరు బిళ్ళలు రెండుంటాయి. ఒకటి సంచికి కడతారు, ఒకటి మనకిస్తారు. దాన్నే అందరూ టోకెన్ అంటారు. టోకెన్ తెస్తే సంచి, లేకుంటే లేదు. మునెమ్మ దగ్గర ఈ విషయంలో తండ్రయినా తమ్ముడయినా ఒకటే.

"ఈ ఊర్లో ముఖం నమ్మేదానికి లేదు సామీ" అనేది. "పొద్దున ఇంత జుట్టుతో ఎక్కినోడు సాయంత్రానికి గుండుతో దిగుతాడు. కన్నతల్లే గుర్తుపట్టదు, నేనేం పట్టేది?"

ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు టోకెన్ పోగొట్టుకొని వచ్చి, నేనెవరో తెలుసా అని గద్దించినాడు. "తెలీదు సామీ. తెలిసినా టోకెన్ కావల్ల" అనింది. దేవరాజులే పరుగెత్తుకొచ్చి, పెద్దాయనమ్మా ఇచ్చెయ్యి అన్నా వినలేదు. సంచిలో ఏమేముందో ఆయన నోటితో చెప్పించి, పుస్తకంలో సంతకం పెట్టించి, ఇద్దరు సాక్షుల చేత వేలిముద్ర వేయించి, అప్పుడు ఇచ్చింది. ఆఫీసరు మూతి ముడుచుకొని పోయినాడు. ఆ షెడ్డులో మూడేళ్ళలో ఒక్క సంచి కూడా తప్పు చేతికి పోలేదు.

అంత జాగ్రత్త మనిషి! ఆ జాగ్రత్త మనిషి తన చేత్తో తానే చేసిన పని ఇప్పుడు చెప్పబోతున్నాను. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టండి. కాకపోతే ముందు మన ఇంట్లోకి ఒకసారి తొంగి చూసుకొని, ఆ తర్వాత తిడదాం.

మునెమ్మ మొగుడు గుణశేఖర్ కువైట్‌లో డ్రైవరు. పోయి నాలుగేళ్ళయింది. ఒక్కగానొక్క కూతురు జయంతి, తొమ్మిదో తరగతి, పద్నాలుగు నిండలేదు. తిరుపతిలోనే జీవకోనలో ఒకటిన్నర గది ఇల్లు. మునెమ్మ పొద్దున అయిదుకే షెడ్డుకు పోవాల. పోయే ముందు సంకటి, నంచుకునేదానికి ఊరిబిండి చేసి గిన్నె మీద మూత పెట్టి, మూత మీద గరిటె పెట్టి పోయేది. గరిటె పక్కకు జరిగి ఉంటే పాప తినింది అని లెక్క. సాయంత్రం ఆరు దాటి వచ్చేసరికి జయంతి పుస్తకం ముందర కూర్చొని ఉండేది. అమ్మకు కాళ్ళు పీకులు, మాట్లాడే ఓపిక ఉండదు. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులుండారు గానీ గొంతు వినపడేది మాత్రం టీవీది.

శుక్రవారం గుణశేఖర్‌కు సెలవు. ఆ రోజు తల్లీ కూతుళ్ళు వీధి చివర నెట్ సెంటర్‌కు పోయేవాళ్ళు. అట్టముక్కలతో గదులు గదులుగా అడ్డం కట్టిన చిన్న మిద్దె అది. కంప్యూటరు పైన కెమెరా పెట్టుంటుంది. తెర మీద మొగుడి ముఖం ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి కనిపించేది. పెదిమలు ఒకప్పుడు కదిలితే మాట ఇంకొకప్పుడు వచ్చేది. మునెమ్మ ఆ తెర ముందర గట్టిగా అరిచి మాట్లాడేది, కువైట్ దాకా వినపడాల గదా అని. పక్క గదుల్లోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ మిషను నడిపేది జయంతికే తెలుసు. నాయనకు ఉత్తరాలు కొట్టడానికి వారం మధ్యలో కూడా పోతానంటే మునెమ్మ సరే అనింది. పోయి ఏం చేస్తా ఉండాదో, ఎవరితో మాట్లాడతా ఉండాదో అడగలేదు. నెట్ సెంటరాయన కూడా పేరు రాసుకోలేదు, వయసు అడగలేదు. గంట అయిందా లేదా అదే ఆయన చూసుకునేది.

కొన్నాళ్ళకు జయంతి ముఖం వెలిగింది. "అమ్మా, నాకొక స్నేహితురాలు దొరికింది. నవీన. బెంగళూరు. వాళ్ళ నాయన కూడా కువైట్‌లోనే" అని చెప్పింది. మునెమ్మకు ప్రాణం లేచొచ్చింది. పాపం, బిడ్డ ఒంటరిగా పడి ఉంటా ఉండాది, తోడు దొరికింది అనుకుంది. అంతటితో ఆగిందా? ఆగలేదు. మనది కొండ కింది ఊరు గదా. దేవుడి కాడికొచ్చినోళ్ళకు లేదు కాదు అనడం మన ఇంటా వంటా లేదు. ఏ ఊరోళ్ళో, ఏ కులమోళ్ళో అడక్కుండా మంచినీళ్ళిచ్చి మెట్ల దోవ చూపించే జనం. "ఈసారి కొండకొస్తే మనింటికి రమ్మను. నేను అలిపిరి షెడ్డులోనే ఉంటానని చెప్పు. అమ్మ పేరు చెప్తే ఎవరైనా చూపిస్తారు" అనింది. జయంతి సంబరంగా అదంతా కొట్టి పంపించింది.

ఆ తర్వాత మూడో నెల నుంచి జయంతి మారిపోయింది. గిన్నె మీద గరిటె జరగడం మానింది. రెండు జడలు వేసుకునే పిల్ల ముడి చుట్టుకొని బడికి పోతా ఉంది. శుక్రవారం నాయనతో మాట్లాడేటప్పుడు కెమెరాకు దూరంగా జరిగి కూర్చొనేది. మునెమ్మ గమనించలేదా అంటే గమనించింది. ఈ వయసు అట్లాంటిది అనుకొని ఊరుకుంది.

ఆగస్టు నెలలో ఒక మంగళవారం. మధ్యాహ్నం ఎండకు షెడ్డు రేకులు కాగుతా ఉన్నాయి. నుదుటన నామం, తెల్లచొక్కా, చేతిలో నల్ల సంచి, ఒకాయన బల్ల ముందరికొచ్చినాడు. నలభైకి లోపే ఉంటాడు.

"మునెమ్మక్కా మీరేనా?"

ఆ షెడ్డులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఏమ్మా, ఓమ్మా, ఇదిగో అంటారు. ఆమె తలెత్తి చూసింది.

"నా పేరు ప్రతాప్ అక్కా. నవీన వాళ్ళ చిన్నాన్నని. మీ జయంతి గురించి మా పాప ఒకటే చెప్తుంటుంది."

"అయ్యో, నవీన వచ్చిందా? యాడుండాది?"

"కాటేజీలో ఉందక్కా. మెట్లెక్కి జ్వరం తెచ్చుకుంది. జయంతిని చూడకుండా ఊరికి రానని మొండి చేస్తోంది." ఆయన ఆమె ముఖంలోకి చూసి, "మీరు భోంచేశారా అక్కా? రెండు దాటింది" అన్నాడు.

నవ్వకండి. ఆ మాట మునెమ్మ గుండెలో దిగింది. తిన్నావా అని ఆమెను అడిగినవాళ్ళు ఎవరు? మొగుడు అడిగేది పాప చదువు, ఇంటి బాడుగ. దేవరాజులు అడిగేది బిళ్ళల లెక్క. కూతురు ఏమీ అడగదు. ముక్కూ ముఖం తెలియని మనిషి, ఊరు కాని ఊరునుంచి వచ్చి, ఎండలో నిలబడి తిన్నావా అంటే ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనయింది.

"తింటాలేప్పా. నువ్వు తిన్నావా?" అనింది.

ఆయన సంచి బల్ల మీద పెట్టినాడు. మళ్ళీ మెట్లెక్కి పోవాల, ఇది రేపు తీసుకుంటానన్నాడు. మునెమ్మ మూడొందల పద్దెనిమిదో నంబరు బిళ్ళ సంచికి కట్టి, జోడు బిళ్ళ ఆయన చేతికిచ్చింది.

"రేపు మధ్యాహ్నం బడి దగ్గర్నుంచే జయంతిని కాటేజీకి తీసుకెళ్ళి, సాయంత్రం ఇంట్లో దింపుతానక్కా. కాకపోతే బడిలో పంపించరేమో. మీరొక చీటీ రాసిస్తే..."

మునెమ్మ వెనకాముందూ చూడలేదు. షెడ్డు రసీదు ఒకటి చించి, దాని వెనకాల వంకర అక్షరాలతో రాసింది. "హెడ్మిస్ట్రెస్ అమ్మగారికి. ఈయన మాకు బాగా కావలసినవారు. మా జయంతిని వీరితో పంపవలసినది. ఇట్లు, మునెమ్మ." సంతకం కింద గీత కూడా గీసింది. ఆయన చీటీ మడిచి, బిళ్ళతో పాటు జేబులో పెట్టుకొని, నమస్కారం చేసి పోయినాడు.

సాయంత్రం ఆమె ఇంటికి పోయేటప్పుడు పావుకిలో మైసూర్‌పాకు కొనింది, జ్వరం పడ్డ పిల్లకు పంపించేదానికి.

"పాపా, ఎవరొచ్చినారో చెప్పుకో సూద్దాం!" అంటా లోపలికి పోయింది. "మీ నవీన వచ్చిందంట! వాళ్ళ చిన్నాన్న షెడ్డు కాడికే వచ్చినాడు. రేపు బడికాడికి వచ్చి నిన్ను తీసకపోతాడు. చీటీ కూడా రాసిచ్చినా."

జయంతి చేతిలో పుస్తకం జారి కింద పడింది. పిల్ల లేచి నిలబడింది. గోడకు ఆనుకొని, అట్లాగే జారి కూర్చొని, మోకాళ్ళల్లో తల పెట్టుకుంది. 

"ఏమైందే? జయా! ఏమైందే?"

"నవీన లేదమ్మా" అనింది జయంతి.  "నవీన అనే పిల్లే లేదు. వాడే నవీన."

మునెమ్మకు అర్థం కాలేదు. బిడ్డ పక్కన చతికిలబడింది. జయంతి నేల మీది నుంచి చూపు ఎత్తకుండా చెప్పింది. మొదట్లో నవీన ఎంత బాగా మాట్లాడేదో చెప్పింది. బళ్ళో ఎవరు కొట్టినా, మార్కులు తగ్గినా నవీనకే చెప్పుకునేది. ఆ తర్వాత ఫోటో కావాలనింది. జయంతి ఓణీల ఫంక్షన్‌లో తీయించుకున్న ఫోటో పంపించింది. ఒకరోజు నవీన ఆ ఫోటోను తిరిగి పంపింది.

"ముఖం నాదేనమ్మా. కానీ అది నేను కాదు. ఏదో పాడు బొమ్మకు నా ముఖం అంటించినాడు. అప్పుడు చెప్పినాడు తను ఆడపిల్ల కాదని. చెప్పినట్టు వినకపోతే నాయనకు పంపిస్తానన్నాడు, బడికి పంపిస్తానన్నాడు. ఇంకా ఫోటోలు కావాలన్నాడు. నేను పంపలే. అమ్మ ఒట్టు, నేను పంపలే. పంపకపోతే నేనే వస్తానన్నాడు."

మునెమ్మకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియదు. చెయ్యి లేచింది.

జయంతి ముఖం ఎత్తి చెంప చూపించింది. "కొట్టమ్మా. ఎంతైనా కొట్టు. నాయనకు మాత్రం చెప్పొద్దు."

లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నాకు యాల చెప్పలేదే?" అనింది మునెమ్మ.

"చెప్దామని రెండుసార్లు షెడ్డు కాడికి వచ్చినా. నువ్వు లైన్లో వాళ్ళకు బిళ్ళలిస్తా ఉండావు. నన్ను చూసి ఏం కావల్ల అన్నావు. పెన్సిల్ కావల్లంటి."

మునెమ్మకు గుర్తొచ్చింది. రెండు రూపాయలిచ్చి, సరే పో పో, జనముండారు అని పంపించింది. రెండోసారీ పెన్సిలే అడిగింది. ఒక వారంలో రెండు పెన్సిళ్ళు ఎందుకు అని కూడా తనకు తోచలేదే!

"వాడికి అన్నీ యాల చెప్తివే? అంత నమ్మేదానికి వాడేం చేసినాడు?"

జయంతి కింద పడ్డ పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా, "రోజూ తిన్నావా అని అడిగేదమ్మా" అనింది.

మైసూర్‌పాకు పొట్లం గుమ్మం కాడే పడి ఉండింది. దానికి చీమలు పట్టినాయి. మునెమ్మ దాని వైపు చూస్తా కూర్చుంది. ఒక్క మధ్యాహ్నం, ఒక్క మాటకే, ముప్పై అయిదేళ్ళ తను కరిగి చీటీ రాసిచ్చిందే. నెలల తరబడి రోజూ ఆ మాట విన్న పద్నాలుగేళ్ళ పిల్లను ఏమని కొట్టేది?

ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాల? గుణశేఖర్‌కు చెబితే బడి మాన్పించు అంటాడు, అంత దూరంలో ఇంకేమీ చెయ్యలేడు. అత్తకు చెబితే పుత్తూరు దాకా ఊరంతా తెలుస్తుంది. ఇంటామెకు చెబితే రేపే ఇల్లు ఖాళీ చెయ్యమంటుంది. కొండకొచ్చే జనం ప్రతిరోజూ వేలమంది ఆమె చేతుల మీదుగా పోతారు. ఆ వేలమందిలో ఒక్క మనిషి లేదు, నాకిట్లా అయిందప్పా అని చెప్పుకునేదానికి. ఆ పూట ఆమెకు ఈ లోకం ఎంత ఖాళీగా కనిపించిందో నేను చెప్పలేను. ఊరకుందామా అంటే చీటీ వాడి జేబులో ఉంది. దాని మీద సంతకం తనది.

తెల్లారి ఆమె షెడ్డుకు పోలేదు. మూడేళ్ళలో అదే మొదటి నాగా. బిడ్డ చెయ్యి పట్టుకొని నేరుగా బడికి పోయింది.

హెడ్మిస్ట్రెస్ చంద్రకాంతమ్మ అంటే పిల్లలకే కాదు, తల్లిదండ్రులకూ భయమే. గేటు కాడ ఆలస్యమైతే తండ్రుల్ని కూడా నిలబెట్టే మనిషి. మునెమ్మ ఆమె ముందర చేతులు కట్టుకొని, తల దించుకొని, అంతా చెప్పింది. చీటీ సంగతి కూడా దాచలేదు. ఇప్పుడు తిడుతుంది, టీసీ ఇచ్చేస్తుంది అనుకుంది.

చంద్రకాంతమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. లేచి వచ్చి జయంతి పక్క కుర్చీలో కూర్చుంది.

"జయంతీ, ఇట్లా చూడు. నువ్వేం తప్పు చెయ్యలేదు. నిన్ను మోసం చేసినవాడిది తప్పు. సరేనా?"  ఆమె మునెమ్మ వైపు తిరిగింది. "ఈ బడిలో ఇట్లాంటిది జరిగిన పిల్ల ఈమె ఒక్కతే అని నేను అనుకోనమ్మా. నోరు తెరిచి చెప్పిన మొదటి పిల్ల ఈమె. నోరు మూసుకున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నా, ఈ కంప్యూటరు సంగతి పిల్లలతో ఒక్కరోజు కూడా మాట్లాడింది లేదు. నేను కూడా అడగలేదు."

ఆమె ఫోను తీసి పోలీసులకు చేసింది. అరగంటలో ఎస్సై రేవతి మామూలు చీరలో వచ్చింది. ముప్పై దాటని పిల్ల. జయంతికి ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. వేసిన ప్రశ్నలు కూడా పక్కన కూర్చొని, చేతిలో చెయ్యి పెట్టుకొని వేసింది.

పన్నెండున్నరకు వాడు వచ్చినాడు. అదే తెల్లచొక్కా, అదే నామం. పక్క గదిలో తలుపు సందున మునెమ్మ నిలబడి ఉంది. జయంతి స్టాఫ్ గదిలో టీచర్ల మధ్యన ఉంది.

"జయంతికి చిన్నాన్న వరస అవుతానండి. వాళ్ళమ్మ చీటీ ఇచ్చారు."

చంద్రకాంతమ్మ చీటీ తీసుకొని పైకి చదివింది. "ఈయన మాకు బాగా కావలసినవారు. మా జయంతిని వీరితో పంపవలసినది. ఇట్లు, మునెమ్మ."

తన అక్షరాలు ఇంకొకరి నోట విని మునెమ్మ తలుపు గట్టిగా పట్టుకుంది. పుస్తకంలో సంతకాలు, ఇద్దరు సాక్షులు, సంచిలో ఏముందో నోటితో చెప్పడం, ఇవన్నీ ఊరోళ్ళ గుడ్డల సంచికి. బిడ్డను ఇచ్చేదానికి మాత్రం ఒక రసీదు ముక్క! నామం చూసి, ముఖం చూసి, మంచి మాట విని రాసిచ్చేసింది.

"కూర్చోండి" అనింది మూలన కుర్చీలో ఉన్న రేవతి. "నవీనకు జ్వరం ఎట్లా ఉంది?" వాడు ఆమెను చూసినాడు, వాకిలి వైపు చూసినాడు. వాకిట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళు నిలబడి ఉన్నారు.

జేబులో మూడొందల పద్దెనిమిదో నంబరు బిళ్ళ దొరికింది. రేవతి మునెమ్మను, సాక్షులుగా ఇద్దరు టీచర్లను, వాణ్ణి వెంటబెట్టుకొని అలిపిరికి పోయింది. దేవరాజులు కంగారుగా ఎదురొచ్చినాడు. మునెమ్మ బల్ల వెనక్కి పోయి అలవాటు చొప్పున నిలబడింది.

"ఆ సంచి ఇవ్వమ్మా" అనింది రేవతి.

"టోకెన్ ఏది మేడం?" అనేసింది మునెమ్మ. అనేసి నాలుక కరుచుకుంది.

రేవతి నవ్వలేదు. బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. మునెమ్మ రెండు నంబర్లు జోడించి చూసి, సంచి దించి ఇచ్చింది.

అందరి ముందర సంచి విప్పినారు. కెమెరా, సీడీలు, నోటు పుస్తకం. పుస్తకంలో ఆడపిల్లల పేర్లు. తిరుపతి, చిత్తూరు, ఇంకా ఏవేవో ఊర్లు. మగపిల్లల పేర్లు కూడా రెండున్నాయి. ఒక్కో పేరు ముందర ఆ బిడ్డ ఇంటి సంగతి రాసి ఉంది. తల్లి లేదు అని ఒకదానికి. హాస్టలు అని ఒకదానికి. జయంతి పేరు దగ్గర రేవతి వేలు ఆగింది. చదవనా వద్దా అన్నట్టు మునెమ్మను చూసింది.

"చదవండి మేడం."

"తండ్రి కువైట్. తల్లి అలిపిరిలో డ్యూటీ." రేవతి గొంతు తగ్గించింది. "ఇంట్లో ఎవరూ అడగరు."

దొంగ రాసుకున్న మాటే గానీ అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మునెమ్మ చెక్కబల్ల మీద తల పెట్టి ఏడ్చింది. క్యూలో ఉన్నవాళ్ళు ఎవరో, త్వరగా కానీ అమ్మా, మెట్లెక్కాల అని అరిచినారు.

కేసు నడిచింది. వాణ్ణి జైలుకు పంపినారు. మిగతా పిల్లల ఇళ్ళకు పోలీసులే పోయి చెప్పినారు. అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెబితే మీకు హాయిగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. ఆ ఫోటో ఇంకెవరి దగ్గరైనా ఉందేమో చెప్పలేమమ్మా అని రేవతి ఉన్న మాట చెప్పేసింది. వీధిలో కొందరు మాట్లాడడం మానేసినారు. జయంతి పక్కన కూర్చొనే పిల్ల వాళ్ళమ్మ చెప్పిందని వేరే బెంచీకి మారింది. చంద్రకాంతమ్మ ఆ బెంచీ మీద తానే కొన్నాళ్ళు కూర్చొని పాఠం చెప్పింది. పిల్ల నిద్రలో ఇంకా ఉలిక్కిపడుతుంది.

వాణ్ణి పట్టుకున్న వారమే శుక్రవారం వచ్చింది. జయంతి నెట్ సెంటర్‌కు రానంటే, మునెమ్మ తన చిన్న ఫోనుకే గుణశేఖర్‌ను చెయ్యమనింది. మొదట తానే అంతా చెప్పింది. అరవకుండా చెప్పింది.   అటువైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"పాపకియ్యి" అన్నాడు గుణశేఖర్.

జయంతి ఫోను చెవి దగ్గర పెట్టుకొని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"తింటివా పాపా?"

అంతే అడిగినాడు. నాలుగేళ్ళలో మొదటిసారి. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. కువైట్‌లో ఆయనా ఏడ్చినాడు. డబ్బులు ఎంత అవుతున్నాయో ఆ పూట ఎవరూ చూసుకోలేదు.

నెల తిరక్కముందే చంద్రకాంతమ్మ బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టింది. రేవతి వచ్చి చెప్పాల్సినవన్నీ చెప్పింది. తెలియనివాళ్ళకు ఫోటోలు, బడి పేరు, ఇంటి అడ్రసు ఇవ్వకూడదనింది. తెర అవతల ఆడపిల్ల అని చెప్పుకునేవాడు ఆడపిల్లే అని నమ్మకూడదనింది. బెదిరింపు వస్తే వాడు అడిగింది ఇవ్వకుండా, వచ్చినవి చెరిపెయ్యకుండా వెంటనే పెద్దవాళ్ళకు, పోలీసులకు చెప్పమనింది. జనం బుద్ధిగా విన్నారు. వెనక వరసలో ఒకాయన లేచి, "ఇదంతా ఎందుకు మేడం, ఆడపిల్లల్ని ఆ సెంటర్లకు పంపకపోతే సరి" అన్నాడు. చాలామంది తలలూపినారు.

అప్పుడు మునెమ్మ లేచింది. ఇంటి దగ్గరే జయంతిని అడిగింది, "నీ పేరెత్తను. నా తప్పు మాత్రం చెప్పుకుంటా. చెప్పనా?" అని. చెప్పమ్మా అనింది పిల్ల. మాట్లాడే అలవాటు లేని మనిషి, చీర కొంగు వేలికి చుట్టుకుంటా మాట్లాడింది.

"నేను అలిపిరిలో సంచులు కాసేదాన్నప్పా. టోకెన్ లేకుండా కలెక్టరొచ్చినా సంచి ఇయ్యను. అట్లాంటిదాన్ని, ముఖం తెలియనోడికి నా బిడ్డను పంపమని నా చేత్తో చీటీ రాసిచ్చినా. వాడు నన్ను కొట్టలే, బెదిరించలే. తిన్నావా అక్కా అన్నాడు, అంతే. నా బిడ్డతో కూడా అంతే అన్నాడు. సెంటరుకు పంపకపోతే సరి అంటా ఉండావే అన్నా, పంపకముందు కూడా నేను ఇంట్లో దాంతో మాట్లాడేదాన్ని కాదు. గరిటె జరిగిందా లేదా చూసి బిడ్డ తినిందో లేదో తెలుసుకునేదాన్ని. బిడ్డ రెండుసార్లు నా కాడికి వచ్చింది చెప్పేదానికి. పెన్సిల్ ఇచ్చి పంపిస్తి."

  తలలూపినవాళ్ళు కిందికి చూస్తా ఉన్నారు.

"మిషను పాడుదో మంచిదో నాకు తెలీదు. ఇంటికి పోయి బిడ్డను కూర్చోబెట్టుకొని అడగండి. ఎవరితో మాట్లాడతా ఉండావు, ఏమన్నారు, భయమేస్తా ఉండాదా అని అడగండి. వాళ్ళు చెప్పినాక చెయ్యెత్తొద్దండి. మన బిడ్డను మనం అడగకపోతే, అడిగేదానికి ముఖం తెలియనోడు ఒకడు ఎప్పుడూ కాచుకొనే ఉంటాడు."